తోలు మోగింది, పేరు వినపడలేదు

2010 అక్టోబరు 3, ఆదివారం సాయంత్రం. ఒక జిల్లా కేంద్రంలో ఎస్సీ కాలేజీ హాస్టలు, అందులో టీవీ గది. మేము అప్పుడు డిగ్రీ చదువుతున్నాం. గదిలో బెంచీలు లేవు, ముందొచ్చినవాళ్ళం కింద కూర్చున్నాం, వెనకొచ్చినవాళ్ళు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. అన్నం పెట్టే వేళ కాబట్టి చాలామంది చేతుల్లో కంచాలున్నాయి. ఏడు గంటలకు ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం తెర మీద వెలిగింది. కామన్‌వెల్త్ క్రీడల ప్రారంభోత్సవం, దూరదర్శన్ ప్రత్యక్ష ప్రసారం.

మొదట వచ్చింది తోలు మోత. దేశం నలుమూలల నుంచి తెచ్చిన వాయిద్యాలన్నీ ఒక్కసారిగా మోగాయి. మా గదిలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు, కంచాల మీద వేళ్ళు వాటంతటవే కదిలాయి. మాలో ఒకడు లేచి నిలబడి "ఒరేయ్, మన పలకలేరా!" అని అరిచాడు. అది మా వైపు పలకో కాదో వాడికి తెలియదు, మాకూ తెలియదు. దరువు తెలుసు. పుట్టిన దగ్గర్నుంచీ చావుకీ, జాతరకీ, పెళ్ళికీ విన్నది. ఇప్పుడు దాన్ని దేశదేశాలవాళ్ళు వింటున్నారు. మా ఒళ్ళు పులకరించిన మాట నిజం, దాచుకోం. ఇక పేరు చెబుతారు, ఇది ఫలానావాళ్ళ విద్య అంటారు అని చెవులు రిక్కించాం. రాష్ట్రాల పేర్లు వినిపించాయి, వాయిద్యాల పేర్లు వినిపించాయి. మనుషుల పేరు రాలేదు. తర్వాతి అంశం మొదలైంది.

ఆ తర్వాత మేము పరిశోధనలోకి వచ్చాం. ఆ కార్యక్రమాన్ని మళ్ళీ చూశాం, దాని చుట్టూ వచ్చిన నివేదికలూ కోర్టు తీర్పులూ చదివాం. చదివిన కొద్దీ ఆ రాత్రి మాకు లేని ఎరుక ఒకటి కలిగింది. ఆ స్టేడియంలో దళితులు మూడు రకాలుగా వున్నారు. మోగిన తోలుగా వున్నారు. నిలబడ్డ గోడగా వున్నారు. ఖర్చయిపోయిన పద్దుగా వున్నారు. ఈ మూడు చోట్లలో ఏ ఒక్కదానిలోనూ ప్రసారం వాళ్ళను పేరు పెట్టి పిలవలేదు. ఇది ఎవరో మర్చిపోవటం వల్ల జరిగింది కాదనీ, అలాంటి ప్రసారం పని చేసే పద్ధతిలోనే ఇది వుందనీ చెప్పటానికే ఈ వ్యాసం.

ఎవరికి ప్రత్యక్షం?

'ప్రత్యక్షం' అనే మాటకు మన భాషలో పెద్ద పరపతి వుంది. దేవుడు ప్రత్యక్షమవుతాడు. తర్కశాస్త్రంలో ప్రత్యక్షం మొదటి ప్రమాణం, కంటితో చూసినదానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. టెలివిజన్ ఈ పరపతినంతా ఒక్క మాటతో తనకు కలుపుకుంది. 'ప్రత్యక్ష ప్రసారం' అని తెర మూలన పడగానే, ఇక అక్కడ వున్నదంతా మనకు కనపడుతున్నట్టే, కనపడనిదేదో అక్కడ లేనట్టే అనుకుంటాం.

అయితే పని జరిగే తీరు అది కాదు. స్టేడియం చుట్టూ పదుల కెమెరాలుంటాయి. బయట వ్యానులో కూర్చున్న దర్శకుడి ముందు అన్ని కెమెరాల బొమ్మలూ వుంటాయి. వాటిలోంచి ఆయన కొన్ని క్షణాలకొకటి ఎంచుతాడు, అదొక్కటే బయటికి వస్తుంది, మిగిలినవి అక్కడే చచ్చిపోతాయి. ఏ అంశం తర్వాత ఏ అంశం, ఎక్కడ దూరం నుంచి చూపాలి, ఎక్కడ మొహం దగ్గరికి పోవాలి అనేది ముందే రిహార్సళ్ళలో తేలిపోతుంది. వ్యాఖ్యాత చేతిలో కాగితాలు ముందే పెడతారు. కాబట్టి ప్రత్యక్ష ప్రసారం అంటే ముందే రాసిపెట్టుకున్నది అప్పటికప్పుడు జరుగుతున్నట్టు చూపించటం. ఇందులో తప్పేం లేదు, నాటకం కూడా అంతే. ఆ రాత ఎవరిది అని అడగనివ్వకపోవటంలోనే తప్పు వుంది.

2010లో ఆతిథ్య ప్రసార బాధ్యత ప్రసారభారతిది. చిత్రీకరణ పనిని బ్రిటన్‌కు చెందిన ఎస్.ఐ.ఎస్. లైవ్ అనే సంస్థకు 246 కోట్ల రూపాయల ఒప్పందానికి ఇచ్చారు. ఆ ఒప్పందం జరిగిన తీరును తర్వాత వి.కె. శుంగ్లూ కమిటీ తప్పుపట్టింది. డబ్బు గొడవ అలా వుంచుదాం. కామన్‌వెల్త్ అంటే ఒకప్పటి బ్రిటిష్ వలసల జట్టు. ఆ రాత్రి బ్రిటన్ రాణి సందేశం చదవటానికి యువరాజు ఛార్లెస్ వచ్చాడు. వలస దొర వచ్చి కూర్చున్న సభలో భారతదేశం అంటే ఏమిటో చూపించాలి. ఏది చూపాలో ఇక్కడి పెద్దలు నిర్ణయించారు, ఎలా చూపాలో కిరాయి కన్ను నిర్ణయించింది. చూపించబడినవాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు.

ఈ కథ 2010లో మొదలయింది కాదు. ఇదే స్టేడియంలో 1982 నవంబరు 19న ఏషియాడ్ ప్రారంభోత్సవం జరిగింది. దూరదర్శన్‌కు రంగులు వచ్చింది ఆ యేడే, ఆగస్టు 15న. చాలా కుటుంబాలు రంగుల టీవీ మొదటిసారి చూసింది ఆ ఆటల పేరుతోనే. అంటే ఈ దేశం తన రంగుల బొమ్మను తాను మొదట చూసుకున్న అద్దాల్లో ఆ స్టేడియం ఒకటి. అద్దం పక్కన ఏం జరిగిందో ముందు ముందు చెబుతాం.

తాళం, జ్ఞానం

2010 ప్రారంభోత్సవంలో అంశాలకు పేర్లు పెట్టారు. మొదటి వాయిద్యాల అంశం 'రిథమ్స్ ఆఫ్ ఇండియా', అంటే భారతదేశపు తాళాలు. కాసేపటికి శాస్త్రీయ నృత్యాల అంశం వచ్చింది, దాని పేరు 'ట్రీ ఆఫ్ నాలెడ్జ్', జ్ఞానవృక్షం. భరతనాట్యం, కథక్, ఒడిస్సీ, మణిపురి, మోహినీఆట్టం, మన కూచిపూడి అందులోకి వచ్చాయి. గురుశిష్య పరంపర అనేది దాని సారాంశం.

ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. తోలు వాయించేవాళ్ళది తాళం. నాట్యం ఆడేవాళ్ళది జ్ఞానం. తాళం ఒంట్లో వుంటుంది, పుట్టుకతో వస్తుంది, దానికి గురువు అక్కర్లేదు. జ్ఞానానికి గురువుంటాడు, వంశముంటుంది, పరంపర వుంటుంది. ఎవరూ నోటితో ఇలా అనలేదు. రెండు శీర్షికలు చాలు, పని అయిపోయింది. కులవ్యవస్థ వేల ఏళ్ళుగా చెప్పిన మాటే ఇది: వీళ్ళకు చేతులున్నాయి, వాళ్ళకు బుద్ధి వుంది.

మా వైపు పలక ఎలా తయారవుతుందో ఒకసారి చెప్పాలి. మేక తోలును సున్నంలో నానబెడతారు. ఎన్ని రోజులు నానాలో ఎండను బట్టీ తోలు మందాన్ని బట్టీ చేత్తో పట్టుకు చూసి చెప్పాలి. బొచ్చు గీకాలి, ఎక్కడా గాటు పడకూడదు. చింతగింజల గుజ్జుతో కొయ్య చట్రానికి అంటించి బిగించాలి, ఎక్కువ లాగితే చిరుగుద్ది, తక్కువ లాగితే పలకదు. వాయించే ముందు గడ్డి మంట మీద సెగ చూపాలి, ఎంత సెగ అనేది చెవికి తెలియాలి. కుడిచేతి చిర్ర, ఎడమచేతి పుల్ల, రెండింటి మధ్య లెక్క. చావు దరువు వేరు, పెళ్ళి దరువు వేరు, అమ్మవారి దరువు వేరు, చాటింపు దరువు వేరు. ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే వూరు తప్పుగా అర్థం చేసుకుంటుంది. చెప్పుల తోలుకయితే లంద, తంగేడు చెక్క, అదింకో శాస్త్రం. ఇదంతా మా తాత మా నాయనకు నేర్పాడు. ఇది గురుశిష్య పరంపర కాదా? రసాయనమూ, గణితమూ, సంగీతమూ కలిసిన ఈ విద్య జ్ఞానవృక్షం కొమ్మల్లో ఎందుకు లేదు?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ రాత్రి మోగిన ప్రతి వాయిద్యమూ దళితులదే అని మేము అనటం లేదు. కేరళ గుళ్ళల్లో చెండ వాయించే హక్కు తరతరాలుగా మారార్లది, వాళ్ళు ఆలయ సేవక కులం. మణిపూర్ పుంగ్ వైష్ణవ సంప్రదాయంలోది. మా ప్రశ్న వాయించేవాళ్ళ దగ్గరే ఆగదు. తోలు ఒలిచిందెవరు, నానబెట్టిందెవరు, బిగించిందెవరు? ఈ ప్రశ్న వేస్తే జ్ఞానవృక్షం కిందా తోలే కనపడుతుంది. భరతనాట్యానికీ కూచిపూడికీ మృదంగం లేకుండా అడుగు పడదు. మృదంగం తయారుచేసేవాళ్ళ గురించి సంగీత విద్వాంసుడు టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాశాడు. ఆవు తోలుతో ఆ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. విద్వాంసుల నాదాన్ని తీర్చిదిద్దింది వాళ్ళ చేతులే. ఆ పుస్తకావిష్కరణకు ముందు ఒప్పుకున్న చెన్నై కళాక్షేత్ర, తర్వాత వేదిక ఇవ్వనంది. వాయించినవాడు విద్వాంసుడు, చేసినవాడు పనివాడు. ఆ విభజనే స్టేడియంలో రెండు అంశాలయింది.

కూచిపూడి గురించీ ఒక మాట. తెలుగువాళ్ళ తరఫున ఆ వేదిక మీద నిలబడింది అదే. కృష్ణా జిల్లాలో ఒక వూరి బ్రాహ్మణ మగవాళ్ళ ఆట రాష్ట్రం మొత్తానికి గుర్తు అయింది. తరతరాలు నాట్యాన్ని మోసిన కళావంతుల స్త్రీల ఆట మీద మాత్రం అవమానం మిగిలింది, 1947 మద్రాసు దేవదాసీ నిషేధ చట్టంతో గుడి నాట్యం ఆగిపోయింది. ఆ చట్టం ఆపదలచిన దోపిడీ నిజమే, దాన్ని మేము సమర్థించం. అయితే దోపిడీని ఆపినవాళ్ళు విద్యను వాళ్ళ దగ్గర వుంచలేదు కదా.

జ్ఞానవృక్షం అంటే మనకు ముందు గుర్తొచ్చేది బోధివృక్షం. ఆ చెట్టు కింద జ్ఞానం పొందిన మనిషి తన సంఘంలోకి మంగలి ఉపాలిని తీసుకున్నాడు, పాకీపని చేసుకునే సునీతుణ్ణి తీసుకున్నాడు. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో వెళ్ళింది ఆ చెట్టు నీడకే. స్టేడియంలో ఆ చెట్టు పేరు పెట్టి, దాని కింద పుట్టుకను బట్టి దొరికే విద్యను కూర్చోబెట్టారు.

మోత అంశంలో కూడా ఒక మొహాన్ని మాత్రం కెమెరా దగ్గరగా చూపింది. పుదుచ్చేరి నుంచి వచ్చిన ఏడేళ్ళ పిల్లవాడు తబలా వాయించాడు. బాగా వాయించాడు, మా హాస్టల్లో కూడా చప్పట్లు కొట్టాం. అయితే వందల మంది తోలు మోగిస్తుంటే మొహమూ పేరూ దక్కింది కచేరీ వాయిద్యానికే. మిగిలినవాళ్ళు మాకు గుర్తున్నంతలో ముగ్గుల్లాగా, వరుసల్లాగా, రంగుల్లాగా మిగిలారు.

మర్నాడు మా నాయన ఫోన్ చేశాడు. ఆయన పక్కింట్లో చూశాడంట. మొదటి మాటే "ఎవుర్రా ఆ కొట్టినోళ్ళు? ఏ వూరోళ్ళు?" అన్నాడు. టీవీలో చెప్పిన రాష్ట్రాల పేర్లు చెప్పాం. కాసేపు ఆగి "రాష్ట్రం కొడద్దంట్రా పలక? మనిషి గదా కొట్టేది" అన్నాడు. మేము ఇన్నేళ్ళు చదివి చేసే విమర్శ అంతా ఆ మాటలోనే వుంది.

మనలోనే ఇంకో వాదం వుంది, దాన్ని దాటిపోకూడదు. పలక మనకు గర్వమా, బరువా? మా పెదనాయన ఒక చావు దగ్గర తాగినవాళ్ళు తిట్టిన తిట్లకు పలక తెచ్చి అటక మీద పెట్టాడు, మళ్ళీ తియ్యలేదు. పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు. వూళ్ళో అది వెట్టి. పిలిస్తే పోవాలి, ఇచ్చింది తీసుకోవాలి. ఆయన కోపం మాకు తెలుసు. స్టేడియంలో దాన్ని కళ అని చూపటం వల్ల వూళ్ళో వెట్టి పోలేదు. వెట్టిని చెప్పకుండా మోతను మాత్రం తీసుకుపోవటం వల్ల, పెదనాయన అటక మీద పెట్టిన బాధ కూడా దేశానికి అలంకారం అయిపోయింది.

గోడ కట్టినవాళ్ళు

ఇప్పుడు 1982కు వెళదాం. ఏషియాడ్ కోసం స్టేడియాలూ ఫ్లైఓవర్లూ హోటళ్ళూ ఆదరాబాదరాగా కట్టారు. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒరిస్సాల నుంచి జమాదార్లు కూలీలను పట్టుకొచ్చారు. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ అనే హక్కుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కేసులో బయటపడ్డ లెక్క ఇది: రోజుకు కనీస కూలి 9 రూపాయల 25 పైసలు. అందులోంచి జమాదారు మనిషికి రూపాయి చొప్పున కమీషన్ తీసుకుంటాడు. ఆడకూలీలకు కొన్నిచోట్ల 7 రూపాయలే చేతికొచ్చింది.

ఆటలు మొదలవటానికి రెండు నెలల ముందు, 1982 సెప్టెంబరు 18న జస్టిస్ భగవతి ధర్మాసనం తీర్పు చెప్పింది. కనీస కూలి కంటే తక్కువిచ్చి పని చేయించుకుంటే, ఆకలి బలవంతమే అయినా సరే, అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే అన్నది. అంటరానితనాన్ని నిషేధించే 17వ అధికరణం, 23, 24 అధికరణాలు ప్రభుత్వం మీదనే కాదు, ప్రతి ఒక్కరి మీదా అమలవుతాయనీ అన్నది. దళిత ఉద్యమానికి ఇంత పనికొచ్చే తీర్పు ఒక ఆటల స్టేడియం గోడల్లోంచి పుట్టింది. ఆ గోడల మధ్యే రెండు నెలల తర్వాత అప్పూ ఏనుగు బొమ్మా, 'స్వాగతం' పాటా దేశానికి రంగుల్లో కనిపించాయి.

28 ఏళ్ళ తర్వాత అదే సంఘం అదే రకం ఫిర్యాదుతో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. 2010 ఫిబ్రవరిలో కోర్టు ఒక కమిటీ వేసింది. కూలి చట్టాల ఉల్లంఘన జరుగుతున్నదని ఆ కమిటీ చెప్పింది. ప్రారంభోత్సవానికి పన్నెండు రోజుల ముందు, సెప్టెంబరు 21న, స్టేడియం పక్కన కడుతున్న నడక వంతెన కూలి ఇరవై మందికి పైగా కూలీలు గాయపడ్డారు. టీవీలూ పత్రికలూ ఆ రోజంతా ఒక్క మాటే అన్నాయి: దేశం పరువు పోయింది. గాయపడ్డవాళ్ళు ఎవరు, ఎక్కడివాళ్ళు అనేది రెండో పేరాలో కూడా లేదు.

ఆ కూలీలంతా దళితులేనా అని ఎవరైనా అడగవచ్చు. ఏ మేస్త్రీ మస్టరులోనూ కులం రాయడు కాబట్టి కాగితం చూపించమంటే చూపించలేం. అయితే భార్యాపిల్లల్ని తీసుకుని వందల మైళ్ళు పోయి తట్ట మోసేది వూళ్ళో భూమి లేనివాళ్ళే. ఏ వూళ్ళో ఎవరికి భూమి లేదో చెప్పటానికి మనకు మస్టరు అక్కర్లేదు.

స్టేడియం కోసం కట్టినవాళ్ళ సంగతి ఇది. స్టేడియం కోసం లేపేసినవాళ్ళ సంగతి ఇంకొకటి. స్టేడియానికి దగ్గర్లో జంగ్‌పురాలో, బారాపుల్లా నాలా పక్కన తమిళ దళితుల బస్తీ వుండేది. 2010 ఏప్రిల్లో ఆటల ఏర్పాట్ల కోసం దాన్ని కూల్చారు. ఈ ఆటల వల్ల ఢిల్లీలో మొత్తం కనీసం 2 లక్షల మంది నిలువనీడ పోగొట్టుకున్నారని హౌసింగ్ అండ్ ల్యాండ్ రైట్స్ నెట్‌వర్క్ 2011లో ఇచ్చిన నివేదికలో చెప్పింది. కూల్చకుండా మిగిలిన బస్తీల ముందు, రోడ్డు పొడుగునా ఆటల బొమ్మలున్న పెద్ద పెద్ద బ్యానర్లు కట్టారు. అధికారుల భాషలో వాటి పేరు 'వ్యూ కట్టర్లు', చూపు అడ్డాలు. మా లెక్కలో ఆ రాత్రి ప్రసారం కూడా అలాంటి అడ్డమే. గుడ్డతో కట్టిన అడ్డం వెనక ఏదో వుందని కనీసం అనుమానమైనా వస్తుంది.

కనపడని పద్దు

మూడోది డబ్బు. స్టేడియం నడిమధ్యన హీలియం నింపిన పెద్ద బెలూన్ లేచింది, దానికింద తోలుబొమ్మల్లాంటి పెద్ద బొమ్మలు వేలాడాయి. దాని ఖరీదు 40 కోట్ల దాకా అని పత్రికలు రాశాయి. మా గదిలో దాన్నే ఎక్కువ చూశాం, నిజంగానే బాగుంది.

ఎస్సీ ఉపప్రణాళిక 1979-80లో స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ పేరుతో మొదలైంది. దాని సూత్రం తేలిక: జనాభాలో ఎస్సీలు ఎంతమందో ప్రణాళిక డబ్బులో అంత వాటా వాళ్ళ కోసమే పక్కన పెట్టాలి. 2001 లెక్కల ప్రకారం ఢిల్లీ జనాభాలో ఎస్సీలు దాదాపు 17 శాతం. 2006-07 నుంచి 2010-11 దాకా ఢిల్లీ ప్రభుత్వ ఎస్సీ ఉపప్రణాళిక నుంచి 744 కోట్లు ఈ ఆటల పనులకు మళ్ళాయని సమాచార హక్కు చట్టం ద్వారా అదే నెట్‌వర్క్ బయటపెట్టింది. 2010 ఆగస్టు 31న హోంమంత్రి చిదంబరం రాజ్యసభలో మళ్ళింపు జరిగిందని ఒప్పుకున్నాడు. ఆయన చెప్పిన లెక్క 678 కోట్ల పైచిలుకు. అంటే ప్రారంభోత్సవానికి నెల ముందే ఈ సంగతి పార్లమెంటు రికార్డులో వుంది. ఆ రాత్రి ప్రసారంలో దాని నీడ కూడా పడలేదు.

మళ్ళింపుకు ఎప్పుడూ ఒక సమాధానం వుంటుంది. రోడ్లు వేస్తే ఎస్సీలు నడవరా, స్టేడియం కడితే ఎస్సీలు చూడరా, లైట్లు వేస్తే వాళ్ళకు వెలుగు పడదా అంటారు. ఇది విన్నప్పుడల్లా వూరి చెరువు గుర్తొస్తుంది. అందరి చెరువే, మనం తవ్విందే, ముంచుకునేటప్పుడు మాత్రం రేవులు వేరు.

ఇక్కడ మేము నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. ఆ నెల మా హాస్టల్లో స్కాలర్‌షిప్పు రాలేదు, గదికి పదిమందిమి వున్నాం. ఢిల్లీలో పోయిన డబ్బు మాది కాదు, అది ఢిల్లీ ప్రభుత్వ బడ్జెట్టు. ఆ బెలూన్‌కూ మా స్కాలర్‌షిప్పుకూ నేరుగా లంకె లేదు. అయినా పద్దు పేరు ఒకటే, దాన్ని చేసే తీరు ఒకటే. మన రాష్ట్రంలో కూడా ఉపప్రణాళిక నిధులను వేరే పనులకు మళ్ళిస్తున్నారనేదే ఉద్యమం చేసిన ప్రధాన ఫిర్యాదు. కులవివక్ష వ్యతిరేక పోరాట సంఘం లాంటి సంఘాలు ఏళ్ళ తరబడి తిరిగి, కూర్చుని, అరెస్టయి సాధించిందే 2013 ఆంధ్రప్రదేశ్ ఎస్సీ ఎస్టీ ఉపప్రణాళిక చట్టం. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. కేంద్రంలో 2017-18 నుంచి ప్రణాళిక, ప్రణాళికేతర అనే తేడానే తీసేశారు, పద్దు పేరు మారింది. పేరు మారినప్పుడల్లా వెతుక్కునే పని మళ్ళీ మనదే అవుతుంది.

ఏ కోపానికి మైకు దొరికింది

ప్రత్యక్ష ప్రసారంలోకి ఎదురుమాట రాదని అనుకోకండి. ఆ రాత్రి వచ్చింది. నిర్వాహక సంఘం అధ్యక్షుడు సురేశ్ కల్మాడీ మాట్లాడటానికి లేవగానే ప్రేక్షకులు ఎగతాళిగా అరిచారు, ఆ అరుపు ప్రపంచమంతా వినపడింది. ఆ యేడాదంతా పత్రికల్లో నడిచిన కోపం అది: అవినీతి, వస్తువులకు పదింతల ధరలు, పరువు. ఆ కోపం అబద్ధం కాదు. అయితే అది టిక్కెట్టు కొన్నవాళ్ళ కోపం. మా పన్ను డబ్బు తిన్నారు అనేది దాని సారం. ఎస్సీల డబ్బు తిన్నారు అనే కోపానికి ఆ స్టాండ్లలో సీటు లేదు. దొంగిలించిన డబ్బు గురించి దేశమంతా మాట్లాడింది. నిబంధనల ప్రకారమే, సంతకాలతో, ఫైలు మీద మళ్ళిన డబ్బు గురించి కొద్దిమందే మాట్లాడారు. రెండోదాన్ని మన చదువుకున్నవాళ్ళు కూడా ఎక్కువసార్లు అవినీతి లెక్కలో కలిపి చెబుతారు. అది వేరు. దాని పేరు కులం.

మీకు ఏది చూపినా తప్పేనా, జానపద కళాకారులకు అంత పెద్ద వేదిక దొరికితే సంతోషించరా అని మమ్మల్ని ఒక సెమినార్లో అడిగారు. సంతోషించాం. కంచాల మీద దరువు వేసింది మేమే. మేము అడుగుతున్నది మోత తగ్గించమని కాదు, మాట కలపమని. ఇది అసాధ్యమైన కోరికా కాదు. 2012 జులై 27న లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో జ్యోతి స్టేడియంలోకి వచ్చేటప్పుడు, ఆ పార్కును కట్టిన 500 మంది నిర్మాణ కార్మికులను తలమీది టోపీలతో రెండు వరుసల్లో నిలబెట్టారు, జ్యోతి వాళ్ళ మధ్యనుంచి పోయింది. 2000 సెప్టెంబరులో సిడ్నీలో ఆఖరి జ్యోతి వెలిగించింది ఆదివాసీ పరుగుల రాణి కేథీ ఫ్రీమన్. వీటితో అక్కడ న్యాయం జరిగిపోయిందని కాదు, ఒక సాయంత్రం గౌరవంతో భూములు తిరిగి రావు. అయినా ఆ దర్శకులు కార్మికుణ్ణి కార్మికుడని, ఆదివాసీని ఆదివాసీ అని ప్రపంచం ముందు పిలవటానికి సిగ్గుపడలేదు. మన దగ్గర దళితుణ్ణి పిలవటానికి 'జానపదం', 'వైవిధ్యం', 'రంగులు' లాంటి మాటలు వెతుక్కుంటారు. 'గ్రేట్ ఇండియన్ జర్నీ' అని రైలు బొమ్మ చుట్టూ సైకిళ్ళూ రిక్షాలూ తిప్పినప్పుడు కూడా, కష్టం సరదా బొమ్మ అయిందే కానీ కష్టపడేవాడు ఎవడో చెప్పలేదు.

పేరు చెప్పుకోవటం ఎందుకంత ముఖ్యమో మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. పలక పట్టుకున్నవాడు తరతరాలుగా వూళ్ళో చాటింది ఇతరుల మాటే, దొర మాట, పంచాయితీ మాట, తాసీల్దారు మాట. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరాతో మొదటిసారి తన పేరు తాను చాటుకున్నాడు, పేరు చివర కులం పేరు తగిలించుకుని మరీ. అంతవరకు తిట్టుగా విన్న మాట సంతకం అయింది. పెదనాయన అటక మీది పలకను మళ్ళీ దించింది మా అన్న. వాడు చావుకు పోవటానికి దించలేదు, దండోరా సభకు పోవటానికి దించాడు. అదే తోలు, అదే దరువు. వాయించేవాడి పేరు దానితో కలిసింది కాబట్టి పెదనాయన ఈసారి ఏమీ అనలేదు.

2030 కామన్‌వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఇస్తూ 2025 నవంబరులో నిర్ణయం జరిగింది. మళ్ళీ ఒక ప్రారంభోత్సవం వుంటుంది, మళ్ళీ తోలు మోగుతుంది, ఇప్పటికంటే మంచి కెమెరాలుంటాయి. అప్పటికి మనం అడగాల్సినవి మూడున్నాయి. వాయించేవాళ్ళనూ, వాయిద్యం చేసినవాళ్ళనూ వూరితో సహా పేరు పెట్టి చెప్పాలి. కట్టినవాళ్ళ కూలి లెక్క ఆటలకు ముందే జనం ముందు పెట్టాలి. ఎస్సీ ఎస్టీ పద్దుల్లోంచి ఒక్క రూపాయి కూడా ఆ పనులకు పోలేదని ప్రతి బడ్జెట్టులో రాతపూర్వకంగా చూపించాలి. చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తులు ఇప్పటి నుంచే మొదలుపెట్టాలి, ఆట మొదలయ్యాక పెడితే లాభం లేదని 2010 చెప్పింది.

మా నాయనకు ఇప్పుడు చెవి సరిగా వినపడదు. అయినా టీవీలో తోలు మోగితే గోడకానుకుని కూర్చున్నవాడు కాస్త ముందుకు జరుగుతాడు. ఎవరు కొడుతున్నారని ఇప్పటికీ అడుగుతాడు. తెర వంక చూసి చెబుదామని చూస్తాం, అక్కడ రాష్ట్రం పేరే వుంటుంది.